నీలం తాళం

ఎండని అమ్ముకుని బతికే ఇల్లు అది. విడ్డూరంగా ఉందా? ఉన్న మాటే చెబుతున్నాను. పెద్ద రోడ్డు పక్కన ఖాళీ జాగాలో ఇనప స్తంభాలు పాతి, వాటి మీద రేకులకు బదులు సోలార్ పలకలు పరిచారు. ఆ పలకల నీడలో కరెంటు ఆటోలు, సరుకుల బళ్ళు కొట్టంలో గేదెల్లా వరసగా నిలబడి ఛార్జింగ్ పెట్టుకుంటాయి. ఆ షెడ్డుని నడిపేది ఒకే ఇంటి తోడికోడళ్ళు. వాళ్ళ మొగుళ్ళు అన్నదమ్ములు. ఇద్దరూ దూరాలు తిరిగే బస్సుల డ్రైవర్లు, ఇంటిపట్టున ఉండేది తక్కువ.

రెండు కొప్పులు ఒకచోట ఇమడవంటారు. ఈ ఇద్దరి దగ్గరా ఆ సామెత పప్పులో కాలేసింది. పెద్ద కోడలిది నోరు, చిన్న కోడలిది చెయ్యి. వరస తప్పి ముందుకు దూరే డ్రైవర్లని కడిగి పారెయ్యడం పెద్దామె పని. మిషన్ మొరాయిస్తే విప్పి బాగుచెయ్యడం చిన్నామె పని. దానికోసం కోర్సు చేసి, పరీక్ష రాసి మరీ వచ్చింది. "మా చెల్లి ముట్టుకుంటే చచ్చిన వైరు కూడా లేచి కూర్చుంటుంది" అని వచ్చిన ప్రతివాడి దగ్గరా పెద్దామె కోతలు కోసేది.

ఇంట్లో ఉండేది అత్తగారు, చిన్న కోడలి ఎనిమిది నెలల కూతురు. ఆ పిల్లకి తల్లి పాలు తప్ప ఇంకేదీ పట్టదు. సీసా నోట్లో పెడితే ఊపిరి అందనంతగా ఏడుస్తుంది. అందుకని పొద్దు వాలేసరికి షెడ్డు పెద్దామెకి అప్పగించి, చిన్న కోడలు స్కూటరెక్కి ఇంటికి పరిగెత్తేది. దారి పది నిమిషాలే.

షెడ్డు వెనకాల ఒక ఇనప డబ్బా ఉంది. ఓడల మీద సరుకులేసి పంపుతారే, అలాంటిది. దానికి కిటికీలుండవు. ఒకటే తలుపు, తలుపు పైభాగంలో గాలికి సన్నటి చీలికలు. లోపల రెండు పక్కలా నిలువెత్తు బ్యాటరీల అరలు, మధ్యలో ఒక్క మనిషి పట్టేంత సందు. పగలు బళ్ళు తాగగా మిగిలిన కరెంటంతా ఆ డబ్బాలో చేరుతుంది. పొద్దుగూకాక బళ్ళన్నిటికీ అదే దిక్కు. అయితే లోపల ఎప్పుడూ చల్లగా ఉండాలి. తలుపు వేలెడు తెరిచి ఉన్నా వేడెక్కి, ఇవ్వను పొమ్మని మొండికేస్తుంది.

గడియ బయటివైపే ఉంది. లోపలివైపు ఒక పిడి ఉండేది గానీ, అది ఊడొచ్చింది. కంపెనీవాళ్ళు ఇదిగో అదిగో అంటూ రోజులు నెడుతున్నారు. అందుకే అక్కడ ఒక కట్టుబాటుని ఎవరూ తప్పరు. లోపలికి వెళ్ళే మనిషి గడియని వెనక్కి లాగి, దాని కన్నంలో తన తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని మరీ వెళ్ళాలి. ఆ తాళం ఉన్నంతసేపు గడియ పడదు. పొరపాటున కూడా ఎవరూ బయటినుంచి బిగించలేరు. ఇద్దరు వెళితే రెండు తాళాలు, ముగ్గురు వెళితే మూడు. పెద్దామెది ఎరుపు, చిన్నామెది పసుపు. ఎవరి తాళం వాళ్ళే తియ్యాలి. ఇంకొకరి తాళం మీద చెయ్యి వెయ్యడమంటే లోపలున్న మనిషి పీక మీద చెయ్యి వెయ్యడమే. తప్పనిసరై కొయ్యాల్సి వస్తే, ముందు డబ్బా చివరిదాకా నడిచి, ఆఖరి గోడని చేత్తో తాకి, ఎవరూ లేరని తేల్చుకుని వచ్చి అప్పుడు కొయ్యాలి.

ఆ రోజు పొద్దున కంపెనీ పనివాళ్ళు వచ్చి, డబ్బాలో ఫ్యాన్ల దుమ్ము దులిపి, మధ్యాహ్నానికి వెళ్ళిపోయారు. పొద్దు వాలే వేళకి షెడ్డులో ఉన్న బళ్ళన్నిటికీ ఒక్కసారే ఛార్జింగ్ ఆగిపోయింది. చిన్న కోడలు వెనక్కి వెళ్ళి చూస్తే డబ్బా తలుపు ఓరగా తెరిచి ఉంది. గడియకి ఒక తాళం వేలాడుతోంది. నీలం రంగుది, బాగా పాతది. పేరు రాసుకునే చోట ఎవరో మేకుతో పనిగట్టుకుని గీకేసినట్టుంది.

పెద్దామె వెంటనే కంపెనీ మేస్త్రీకి ఫోన్ చేసింది.

"మీవాడెవడో తాళం మర్చిపోయి పోయాడయ్యా. తలుపు పడక చస్తున్నాం."

"మావి మేం లెక్క చూసుకునే తెచ్చుకున్నామమ్మా. మా దగ్గర నీలం తాళాలు లేవు."

"నీలం అని నేను చెప్పానా నీకు?"

మేస్త్రీ గొంతు బాగా తగ్గిపోయింది. "దాన్ని ముట్టుకోకండి. తలుపు అలాగే ఉండనీండి. పొద్దున నేనే వస్తాను."

"పొద్దున దాకా ఈ బళ్ళవాళ్ళకి ఎవరు సమాధానం చెబుతారు, మీ తాతా?"

ఫోన్ పెట్టేశాడు. "చూశావా, తప్పు నెత్తికి చుట్టుకుంటుందని ఎన్ని వేషాలేస్తున్నాడో" అంది పెద్దామె. షెడ్డులో హారన్లు మొదలయ్యాయి. ఒకడు పాలు తీసుకెళ్ళాలట, ఇంకొకడి బండిలో రైలందుకోవాల్సిన మనుషులున్నారట. చిన్న కోడలికి రొమ్ములు బరువెక్కి పని చొక్కా తడుస్తోంది. పాప ఈపాటికి ఏడుపు లంకించుకునే ఉంటుంది. ఇంకో పావుగంట ఆలస్యమైతే అత్తగారు ఆ ఏడుపుకి తట్టుకోలేదు.

కట్టర్ తెచ్చింది. గుమ్మంలో నిలబడి లోపలికి టార్చి వేసింది. సందు ఖాళీగా ఉంది. ఆఖరి గోడ తెల్లగా కనబడుతూనే ఉంది. "లోపల ఎవరైనా ఉన్నారా?" అని మూడుసార్లు పిలిచింది. ఎవరూ పలకలేదు. కనబడుతున్న గోడని మళ్ళీ వెళ్ళి తాకేదేమిటి అనుకుంది. పాపం, ఆ పరిస్థితిలో ఎవరైనా అలాగే అనుకుంటారు. తాళం కొంకి రెండు ముక్కలై దుమ్ములో పడింది. తలుపు మూసి గడియ బిగించింది. కాసేపటికి డబ్బా చల్లబడి, బళ్ళకి కరెంటు రావడం మొదలైంది.

పెద్దామె డ్రైవర్ల దగ్గరికి వెళ్ళింది. చిన్న కోడలు చేతులు కడుక్కుని, డబ్బా పక్కనున్న స్కూటర్ డిక్కీలో సంచీ, ఫోను పెట్టింది. అప్పుడొచ్చింది చప్పుడు.

టక్... టక్... టక్.

డబ్బా లోపలినుంచి. గట్టిగా కాదు. వేలి మెటికతో కొడుతున్నట్టు, తొందర లేకుండా.

అప్పుడే ఇటు వస్తున్న పెద్దామె కూడా విన్నట్టుంది, పరుగున వచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఫ్యాన్ రెక్కేమోలే" అంది పెద్దామె, కానీ నమ్మి అనలేదు. ఏ పనివాడో కళ్ళు తిరిగి అర వెనక పడిపోయి ఉంటే? పిలిచినా పలకలేని స్థితిలో ఉంటే? గోడ తాకి రాలేదు తను. ఆ డబ్బాలో గాలాడక మనిషి పోతే ఆ ఉసురు తన పిల్లకి తగులుతుంది.

"ఒక్క నిమిషం అక్కా. చివరిదాకా వెళ్ళి వచ్చేస్తాను."

"నేనూ రానా?"

"ఇద్దరం పక్కపక్కన పట్టం అందులో. నువ్వు ఇక్కడే ఉండు."

గడియ లాగి, తన పసుపు తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో పెట్టుకుంది. తలుపు బార్లా తెరిచి లోపలికి అడుగుపెట్టింది.

చల్లదనం మొహానికి కొట్టింది. దాంతోపాటు ఒక వాసన. పొద్దున లేదు అది. కాలిన ప్లాస్టిక్ వాసన కాదు, ఆమెకి అది బాగా తెలుసు. మనిషి వాసన. చాలా రోజులుగా విప్పని చొక్కా వాసన. ఫ్యాన్లు సన్నగా మూలుగుతున్నాయి. రెండు పక్కలా ప్రతి అరకీ ఒక చిన్న పచ్చ దీపం వెలుగుతోంది. ఆ దీపాల మధ్య భుజాలు రెండు వైపులా రాసుకుంటూ, టార్చి ముందుకు పట్టుకుని నడిచింది.

ఎవరూ లేరు. ఏ అర వెనకా మనిషి పట్టే చోటే లేదు. ఆఖరి గోడ దాకా వెళ్ళి అరచెయ్యి ఆనించింది. గోడ వెచ్చగా ఉంది. అంత చల్లటి గదిలో, ఎవరో అప్పటిదాకా వీపు ఆనించి కూర్చుని లేచినట్టు వెచ్చగా.

అప్పుడే టార్చి ఆరిపోయింది.

ఆమె గభాలున వెనక్కి తిరిగింది. దూరంగా తలుపు, తలుపులోంచి సాయంకాలపు ఎర్రటి వెలుతురు. "అక్కా" అని పిలిచింది. పెద్దామె గుమ్మంలో లేదు. ఎవడో డ్రైవరు పిలుస్తుంటే, "వస్తున్నా, ఆగవయ్యా" అంటున్న గొంతు షెడ్డువైపు నుంచి వినబడింది.

తలుపు దగ్గర పచ్చ దీపం ఒకటి కనబడకుండా పోయింది.

తర్వాత దాని ఇవతలిది. ఆ తర్వాత ఇంకొకటి. ముందు పోయినవి మళ్ళీ కనబడుతున్నాయి, వాటికి ఇవతలివి మాయమవుతున్నాయి. దీపాలు ఆరడం లేదని అప్పుడు అర్థమైంది ఆమెకి. వాటికి అడ్డంగా ఎవరో నడుస్తున్నారు. తనవైపే.

అడుగుల చప్పుడు లేదు. బట్ట అరలకి రాసుకుంటున్న చప్పుడు మాత్రం ఉంది. ఆ సందులో ఇద్దరు ఎదురైతే ఒకరు వెనక్కి వెళ్ళాల్సిందే. ఆమె వెనక గోడ ఉంది.

దగ్గరికొచ్చింది... ఆగింది. ఆమె మొహానికి జానెడు దూరంలో ఊపిరి. వేడిగా లేదు, చల్లగా లేదు. ఫ్యాన్లలాగే ఒకే తీరుగా వస్తూ ఉంది, ఆగకుండా.

"నా తాళం ఏది?"

గుసగుస. మగ గొంతో ఆడ గొంతో తెలియలేదు.

దేవుడా, నా పిల్ల అనుకుంది, అంతే.

"తాళం లేకుండా... ఎలా బయటికి పోను?"

వేళ్ళు ఆమె చొక్కా జేబులోకి దూరాయి. తడిసిన గుడ్డ మీద ఒక్క క్షణం ఆగాయి. ఏదో కొత్త సంగతి తెలుసుకున్నట్టు ఆగాయి. తర్వాత తాళంచెవి తీసుకున్నాయి.

దీపాలు మళ్ళీ ఒకటొకటిగా మాయమవుతూ తలుపువైపు వెళ్ళాయి. ఆమె కదలబోయింది. కాళ్ళు రాలేదు. తలుపులోని ఎర్రటి వెలుతురుకి అడ్డంగా ఒక ఆకారం నిలబడింది. తను వేసుకున్న అదే పని చొక్కా, తనలాంటి అదే జడ, ఎడమ భుజం కొంచెం వంచి నిలబడే అదే తీరు. తాళం తీస్తున్న చప్పుడు. తలుపు మూతపడింది. గడియ పడింది.

"ఎవరూ లేరక్కా లోపల."

బయట తన గొంతు.

"హమ్మయ్య. ఎలుకై ఉంటుందిలే. నా గుండె ఇక్కడికొచ్చిందనుకో" అని పెద్దామె అంటోంది.

"పాపకి పాల వేళయింది. నేను వెళ్తాను."

"వెళ్ళు వెళ్ళు, అత్తయ్య ఈపాటికి మనిద్దరినీ కలిపి తిడుతూ ఉంటుంది. జాగ్రత్తగా వెళ్ళు, చీకటి పడుతోంది."

కంకర మీద స్కూటర్ చక్రాల చప్పుడు దూరమైంది. అప్పటికి గానీ ఆమెకి కాళ్ళు రాలేదు. సందులో పడుతూ లేస్తూ తలుపు దాకా వచ్చింది. పిడి ఉండాల్సిన చోట రెండు కన్నాలు తప్ప ఏమీ లేవు. రెండు చేతులతో తలుపు బాదింది. గొంతు చించుకుని అరిచింది. ఫ్యాన్లు ఒక్కసారిగా జోరందుకుని ఆమె అరుపుని మింగేశాయి. ఎంతసేపు కొట్టిందో తెలియదు. చేతులు వాచాయి. పాలు కారి చొక్కా అంతా తడిసిపోయింది. ఆ తడి చూసుకుని ఏడుపొచ్చింది ఆమెకి. ఎక్కడో తన పిల్ల ఏడుస్తున్నట్టు ఒళ్ళు చెబుతూనే ఉంది. కాసేపటికి ఆ పాలు కారడం ఆగిపోయింది. పిల్ల కడుపు నిండినప్పుడు ఆగినట్టు, నెమ్మదిగా. అన్నిటికన్నా ఆమెకి ఎక్కువ భయం వేసింది అప్పుడే.

చీలికల్లోంచి నీడ కదిలింది. బయట ఎవరో నిలబడ్డారు. ఫ్యాన్ల హోరు సద్దుమణిగింది.

"ఎవరు?" అంది పెద్దామె.

"నేనే అక్కా. తలుపు తియ్యి."

"చిన్నది ఇంటికి పోయింది. నా కళ్ళారా చూశాను. ఎవరు నువ్వు?"

"అది నేను కాదక్కా. నేను ఇక్కడే ఉన్నాను. నీ కాళ్ళకి మొక్కుతాను, తియ్యి."

బయట అడుగులు వెనక్కి వెళ్ళాయి. వెళ్ళిపోతోంది. చిన్న కోడలు చీలికలకి నోరు ఆనించింది.

"అక్కా... అత్తయ్య కళ్ళజోడు విరగ్గొట్టింది నువ్వు. ఆ తప్పు పిల్లి మీదికి నెట్టింది నేను. వారం రోజులు ఆ పిల్లిని ఇంట్లోకి రానివ్వలేదు ఆవిడ. మనం దానికి దొంగతనంగా పాలు పోశాం. ఇది మనిద్దరికి తప్ప ఎవరికి తెలుసు?"

అడుగులు ఆగాయి. తర్వాత గడియ కదిలింది.

ఆమె బయటికి రావడం కాదు, పడింది. పెద్దామె ఆమె మొహం రెండు చేతులతో పట్టుకుని, దీపం కిందికి తిప్పి చూసింది. జుట్టు చూసింది, చేతులు చూసింది, వాచిన మెటికలు చూసింది. అప్పుడు కావలించుకుని ఏడ్చింది. ఆ మొండిమనిషి ఏడవడం చిన్న కోడలు ఎప్పుడూ చూడలేదు.

"మరి వెళ్ళిందెవరే?" అంది పెద్దామె.

ఇద్దరికీ ఒకేసారి తట్టింది. స్కూటర్ ఉండే చోట ఖాళీ కంకర ఉంది. షెడ్డులో ఒక్క బండీ మిగల్లేదు. పెద్దామె తన ఫోన్ తీసి ఇచ్చేసింది. చిన్న కోడలు ఇంటికి చేసింది. మోగింది... మోగింది... అత్తగారు తీసింది.

"అత్తయ్యా, నేను. పాప ఎక్కడ?"

గుసగుసగా, పిల్ల నిద్ర చెడకుండా మాట్లాడినట్టు అత్తగారి గొంతు వచ్చింది. "ఎవరమ్మా? ఇది పెద్దదాని ఫోను కదా."

"నేనే అత్తయ్యా, చిన్నదాన్ని."

"వేళాకోళాలాడకు. చిన్నది వచ్చి చాలాసేపైంది. పిల్లని ఎత్తుకుని గదిలోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకుంది. ఎప్పుడూ లేనిది ఈ గడియేమిటో, ఎంత పిలిచినా పలకదు. పిల్ల మాత్రం ఏడుపు ఆపేసింది, కడుపు నిండినట్టుంది."

"అత్తయ్యా, తలుపు పగలగొట్టండి. పక్కింటివాళ్ళని పిలవండి. అది నేను కాదు. వింటున్నారా?"

అత్తగారు వినడం లేదు. ఫోను చెవికి దూరంగా పెట్టినట్టుంది. గదివైపు నడుస్తున్న చెప్పుల చప్పుడు. తలుపుకి చెవి ఆనించినట్టుంది. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆవిడ గొంతులో భయం లేదు. ఒక రకమైన మురిపెం ఉంది.

"ఇదిగో విను, పిల్లకి మాటలొచ్చాయే. గుసగుసగా అయినా, ఒకే తీరుగా ఎంత స్పష్టంగా అంటోందో. ఎనిమిది నెలలకే..."

"ఏమంటోంది అత్తయ్యా?"

"'నానమ్మా, మీరు లోపలికి రావద్దు, అక్కడే ఉండండి' అంటోంది. మొదటి మాటే 'మీరు' అంటూ మర్యాదగా మాట్లాడుతోందమ్మా."